ఊళ్ళో చెత్త ఎత్తడం కన్నా ముందు, అది ఎక్కడికి పోవాలో తేల్చండి

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. గుంటూరుకు దగ్గర్లో కాలువ పక్కన మీ ఊరు, సుమారు 900 గడప, 3,200 జనాభా. ఊరి చెత్తంతా కాలువ గట్టు మీదే పడుతోంది. సైడు కాల్వలు పూడిపోయి మురుగు రోడ్డెక్కుతోంది. వానలు మొదలైతే విరేచనాలు, జ్వరాలు. మీ స్నేహితులు కొందరు ప్రతి ఆదివారం చీపుర్లు, పారలు పట్టుకుని శుభ్రం చేస్తున్నారు గానీ వారం తిరక్కుండానే మళ్ళీ మొదటికే వస్తోంది. రోడ్డు పక్క పేడ దిబ్బలు కూడా తీయించాలంటున్నారు. పంచాయతీని అడిగితే డబ్బుల్లేవంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను పాత గుంటూరు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా, ఆ తర్వాత మండలంలో విస్తరణాధికారిగా పనిచేసి రిటైరయ్యాను. తెనాలి, దుగ్గిరాల, పొన్నూరు వైపు డెల్టా ఊళ్ళూ చూశాను, సత్తెనపల్లి వైపు నల్లరేగడి ఊళ్ళూ చూశాను. నా అనుభవంలో తెలిసింది చెప్తాను.

ఊడవడంతో మొదలుపెట్టకండి. చెత్తకీ మురుగుకీ ఆఖరు చోటు ఏదో ముందు తేల్చండి. ఆ చోటు సిద్ధమయ్యాక ఒక్క వార్డులో, రోజూ ఒకే టైముకి, ఇంటి గుమ్మం దగ్గరే తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా తీసుకోవడం మొదలుపెట్టండి. ఆఖరు చోటు లేకుండా ఎత్తిన చెత్త గట్టు మీద నుంచి ఇంకో గట్టు మీదకి మారుతుందంతే. మీ ఆదివారాల శ్రమ నిలబడకపోవడానికి కారణం ఇదే. మీ కుర్రాళ్ళలో లోపమేమీ లేదు.

అయితే విరేచనాల సంగతి చెత్త కోసం ఆగకూడదు. అది నీళ్ళ దగ్గర పట్టుకోవాల్సిన పని, ఈ వారమే మొదలుపెట్టొచ్చు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అందుకని ముందు నీళ్ళ గురించే రాస్తాను.

నీళ్ళు

2018 మార్చిలో గుంటూరు పాత ఊళ్ళో, ఆనందపేట చుట్టుపక్కల, తాగునీటి పైపుల్లో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. అది నగరం కదా అనుకోకండి. అదే తీరున మురుగు కలిసే చోట్లు మన పల్లెల్లో వీధికి రెండుంటాయి. మన ఊళ్ళలో నీళ్ళు రోజంతా రావు, ఉదయం గంట, సాయంత్రం గంట వదులుతారు. నీళ్ళు కట్టేసిన తర్వాత పైపు ఖాళీ అవుతూ చుట్టూ ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. పైపు సైడు కాల్వలోంచి పోతూ, దానికి ఒక చిన్న చిల్లున్నా చాలు, మర్నాడు మొదటి బిందెలో మురుగు వస్తుంది.

అంతకన్నా ప్రమాదం కుళాయి గుంటలు. ప్రెషర్ చాలడం లేదని ఇంటి ముందు రెండడుగులు తవ్వి, కుళాయిని నేల కిందకి దించి, అందులో బిందె పెట్టి పట్టుకుంటారు. ఆ గుంటలో గిన్నెలు కడిగిన నీళ్ళు, వాన నీళ్ళు నిలబడతాయి. కుళాయి వాటిలో మునిగి ఉంటుంది, నీళ్ళు ఆగగానే అవి తిరిగి పైపులోకి పోతాయి. విరేచనాలు ప్రబలిన ఏ ఊరికి వెళ్ళినా నేను మొదట చూసేది ఈ గుంటల్నే.

కాబట్టి మీ ఆదివారం జట్టుకి మొదటి పని ఇది: ఒక కాగితం తీసుకుని వీధి వీధి తిరగండి. పైపు కాల్వలోంచి పోతున్న ప్రతిచోటా, కుళాయి నేలకన్నా కిందున్న ప్రతి ఇంటి దగ్గరా గుర్తు పెట్టండి. ఆ జాబితా కార్యదర్శికీ, గ్రామీణ నీటి సరఫరా ఏఈకీ (అసిస్టెంట్ ఇంజనీరుకీ) రాతపూర్వకంగా ఇవ్వండి. పైపుని కాల్వ పైనుంచి ఎత్తి దాటించడం, గుంట పూడ్చి కుళాయిని నేలకు అడుగున్నర పైకి తేవడం ప్లంబరు చేసే చిన్న పనులు. ప్రెషర్ చాలని వీధికి వేరే టైములో వదలమని అడగాలి. లేకపోతే జనం ఆ గుంటలు మళ్ళీ తవ్వుకుంటారు.

రెండోది క్లోరినేషన్. ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతున్నారా అని అడిగితే అందరూ కలుపుతున్నామనే అంటారు. మీరు ట్యాంకు దగ్గర అడగొద్దు, ఊరి చిట్టచివరి కుళాయి దగ్గర పరీక్ష చేయండి. ఆశా కార్యకర్త దగ్గరో, పంచాయతీలోనో క్లోరోస్కోప్, అంటే నీళ్ళలో క్లోరిన్ చూసే చిన్న పరీక్ష పెట్టె, ఉంటుంది. నీళ్ళలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. ఆఖరి కుళాయిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు రాలేదంటే బ్లీచింగ్ చాలలేదనో, పొడిలో బలం పోయిందనో, దారిలో మురుగు కలుస్తోందనో అర్థం. మూట విప్పి తేమలో పెట్టిన బ్లీచింగ్‌లో కొన్ని వారాలకే పస ఉండదు. మంచి పొడి అయితే శుభ్రమైన నీళ్ళకి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకి 100 గ్రాములు. నీళ్ళు మురిగ్గా ఉంటే ఇంకా పెంచాలి. పొడిని నేరుగా ట్యాంకులో గుమ్మరించకూడదు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట పోసి, అరగంట ఆగి వదలాలి.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడంటే మన ఊళ్ళలో రోడ్డుకి రెండు పక్కలా బ్లీచింగ్ గీతలు గీస్తారు. చూపుకి బాగుంటుంది, జబ్బుల్ని మాత్రం ఆపదు. ఆ మూట ట్యాంకు కోసం దాచమని గట్టిగా అడగండి.

మీది కాలువ పక్క ఊరు కాబట్టి ఇంకో మాట. మీ మంచినీళ్ళ చెరువు కాలువ నీళ్ళతోనే నిండుతుందనుకుంటాను. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు గట్టు మీద పోసిన చెత్తంతా కాలువ అడుగున ఎండుతుంది, ఖరీఫ్‌కి వదిలిన మొదటి నీళ్ళు దాన్నంతా మోసుకొస్తాయి. ఆ మొదటి నీళ్ళని రెండు మూడు రోజులు కిందికి పోనిచ్చి, తేట పడ్డాకే చెరువుకి పెట్టుకోవాలి. మీ గట్టు మీద చెత్త మీ ఒక్కరి సమస్య కూడా కాదు. గుంటూరు ఛానలైనా, కొమ్మమూరు కాలువైనా, అటు విజయవాడ వైపు బందరు, ఏలూరు, రైవస్ కాలువలైనా అన్నీ కృష్ణ నీళ్ళే, అన్నిటి కిందా తాగే ఊళ్ళున్నాయి.

చెత్తకి ఆఖరు చోటు

ఇప్పుడు చెత్త. మన రాష్ట్రంలో చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రమని ఒక షెడ్డు ఎప్పుడో కట్టేశారు. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. తాళం వేసి, చుట్టూ తుమ్మ మొక్కలు మొలిచి ఉండొచ్చు. ముందు అది ఎక్కడుందో, దారి ఉందో లేదో, నీళ్ళు, కరెంటు ఉన్నాయో లేవో చూడండి. చాలా షెడ్లు మూలపడటానికి కారణం చెత్త రిక్షా పోయే దారి లేకపోవడమే. వానాకాలం నల్లరేగడి బాటలో రిక్షా దిగబడితే, తోలే మనిషి ఏం చేస్తాడు, కాలువ గట్టు మీదే పోస్తాడు. ఒకచోట షెడ్డు దాకా నాలుగు ట్రక్కుల గ్రావెల్ తోలించడంతోనే సగం సమస్య తీరింది.

షెడ్డు లేకపోతే చోటు వెతకాలి. ఇక్కడ నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. మన ఊళ్ళలో చెత్త చోటు అనగానే అందరి వేళ్ళూ ఎస్సీ కాలనీ వైపో, శ్మశానం వైపో చూపిస్తాయి. ఊరి మురుగు కాల్వ కూడా అటే దిగుతుంది. దీనికి ఒప్పుకోవద్దు. కాలనీవాళ్ళు లేని గ్రామసభలో చోటు తీర్మానం చేయొద్దు. ఇది న్యాయం కోసం అంటున్న మాట, పని జరగడం కోసం కూడా. అన్యాయంగా పెట్టిన యార్డుని ఆ వీధివాళ్ళు ఏదో ఒకరోజు ఆపేస్తారు, ఆపడమే సరైంది కూడా. ఇళ్ళకీ చెరువుకీ దూరంగా, వరద నీరు ఎక్కని మెరక మీద, పక్కా దారి ఉన్న చోటు చూసుకోవాలి.

చోటు ఎంత కావాలో తెలియాలంటే చెత్తని తూకం వేయండి. కలిగినవాళ్ళ ఇళ్ళు పది, కూలి చేసుకునేవాళ్ళ ఇళ్ళు పది, నాలుగు కొట్లు, ఒక టిఫిన్ హోటల్ ఎంచుకుని వారం పాటు తడి, పొడి విడిగా తూచండి. పల్లెల్లో తలకి రోజుకి 200 గ్రాములు అటూఇటుగా వస్తుందని నేననుకుంటాను గానీ, పాడి ఎక్కువున్న ఊళ్ళో కూరగాయ తొక్కలు, గంజి, మిగిలిన అన్నం కుడితి తొట్టికే పోతాయి, తడి చెత్త చాలా తగ్గుతుంది. ఈ లెక్క తెలియక పట్టణం కొలతలతో షెడ్డు కడితే డబ్బు వృథా.

ఉదాహరణకి మీ ఊళ్ళో తడి చెత్త రోజుకి 150 కిలోలు వస్తుందనుకోండి. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున, గోడల్లో గాలి ఆడేలా ఇటుకల మధ్య సందులు వదిలి కట్టే తొట్టి ఒకటి సుమారు రెండు వారాలకి నిండుతుంది. చెత్త ఒక పొర, పేడ నీళ్ళు, పైన పలుచగా మట్టి, మళ్ళీ చెత్త. నిండాక మట్టీ పేడా కలిపి మెత్తి వదిలేయాలి. మూడు నుంచి నాలుగు నెలల్లో ఎరువవుతుంది. అంటే ఎనిమిది తొట్లుంటే ఎనిమిదోది నిండేసరికి మొదటిది తీయడానికి సిద్ధం. వానపాముల ఎరువు చేయాలంటే పచ్చి చెత్తలో పాముల్ని వదలొద్దు, ఆ వేడికి చచ్చిపోతాయి. సగం మాగిన చెత్తలో, నీడలో, తడి ఆరకుండా చూస్తే నెలన్నర రెండు నెలల్లో మంచి ఎరువొస్తుంది. ఎలుకలు, చీమలు, కోళ్ళు రాకుండా చూసుకోవాలి. మిర్చి, పసుపు రైతులు, నర్సరీవాళ్ళు కొంటారు. కానీ అమ్మకం మీదే షెడ్డు నడుస్తుందని లెక్క వేసుకోవద్దు. ఏ ఊళ్ళోనూ ఎరువు డబ్బుతో పనివాళ్ళ జీతాలు వెళ్ళడం నేను చూడలేదు.

ఇంటి గుమ్మం దగ్గర

తడి, పొడి కలిసిపోయాక షెడ్డులో విడదీయడం నరకం. అది ఇంట్లోనే జరగాలి. దీనికి ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పంచడం మొదటి పని అనుకుంటారు. బుట్టల్లో చాలావరకు బియ్యానికో, వడ్లకో వాడుకుంటారు, అందులో వాళ్ళ తప్పూ లేదు. తడికి ఒక పాత బకెట్టు, పొడికి గోడకి వేలాడదీసిన ఒక బస్తా, ఇంత చాలు. బస్తా పైకి ఉండాలి, కింద పెడితే కుక్కలు లాగుతాయి.

పనివాడు వచ్చే టైము మారకూడదు. పొలం పనులుండే ఊళ్ళో ఇల్లాళ్ళు ఏడింటికల్లా వెళ్ళిపోతారు. మిరప కోతల రోజుల్లో ఇంకా ముందే ఆటో ఎక్కేస్తారు. తొమ్మిదింటికి విజిల్ వేస్తే ఎవరూ ఉండరు, చెత్త కాల్వలో పడుతుంది. కోతల సీజన్‌లో ఉదయం అయిదున్నరకో, లేదా సాయంత్రం ఆరింటికో మార్చుకోండి, ముందు చెప్పి మార్చండి. ఒక రిక్షాకి 200 నుంచి 250 ఇళ్ళు మించొద్దు. మీ 900 గడపకి నలుగురు, షెడ్డులో ఒకరు.

కలిపి ఇచ్చిన చెత్త తీసుకోకూడదు అనే నియమం పెట్టినప్పుడు మొదటి నెల గొడవలవుతాయి. ఆ మాట పనివాడి నోటితో చెప్పించకండి. అతను ఒక మాటంటే ఎదురు నాలుగు మాటలు పడతాడు. డ్వాక్రా సంఘం లీడరో, వార్డు మెంబరో, మీలాంటి కుర్రాళ్ళో మొదటి నెల రిక్షా వెంట నడవాలి. మీ ఆదివారం శ్రమదానాన్ని ఇటు మళ్ళించండి. నెలనెలా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నాడు ఫొటోలకి నిలబడేకన్నా ఆరోజు రెండు వీధుల్లో ఇంటింటికీ వెళ్ళి మాట్లాడటం ఎక్కువ పనికొస్తుంది.

ఒక వార్డు సాఫీగా నడిచాకే రెండోది. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో ఒక్క వార్డు మూడు నెలలు బాగా నడిస్తే, పక్క వార్డు ఆడవాళ్ళే వచ్చి మా వీధికి రిక్షా ఎందుకు రాదని అడిగారు. ఊరంతా ఒకేరోజు ప్రారంభించిన చోట్ల రెండు నెలలకే రిక్షాలు పంచాయతీ ఆవరణలో తుప్పు పట్టాయి.

పొడి చెత్త, పురుగుమందు డబ్బాలు

పొడి చెత్తలో అట్టలు, సీసాలు, ఇనుము, గట్టి ప్లాస్టిక్కు పాత సామాన్లవాళ్ళు కొంటారు. మిగిలేది పల్చటి కవర్లు, పాన్ మసాలా, చిప్స్ పొట్లాలు. వీటిని మూటకట్టి నిలవ చేసి, మండలంలో ప్లాస్టిక్ యూనిట్ ఉంటే అక్కడికి, లేదంటే దగ్గరి మున్సిపాలిటీ చెత్త పోయే చోటికి పంపేలా ఎంపీడీఓ ద్వారా ఒప్పందం చేసుకోవాలి. పల్నాడులో కొండవీడు దగ్గర చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు నడుస్తోంది, అది పట్టణాల చెత్త కోసం పెట్టింది. పంచాయతీ ఒక్కటే వెళ్ళి అడిగితే కుదరదు, నాలుగైదు పంచాయతీలు కలిసి మండలం నుంచి అడగాలి. ఏదీ కుదరకపోయినా ప్లాస్టిక్కుని తగలబెట్టొద్దు. పీవీసీ కాలినప్పుడు వచ్చే పొగలో డయాక్సిన్ లాంటి విషాలుంటాయి, అవి పక్కనున్న పాడి పశువుల పాలలోకి కూడా చేరతాయి.

మన జిల్లాలో ఎవరూ మాట్లాడని చెత్త పురుగుమందు డబ్బాలు. మిర్చికి, పత్తికి కొట్టిన మందు డబ్బాలు చేను గట్టున, కాలువలో, బోరు దగ్గర పడి ఉంటాయి. వీటిని ఇంటి చెత్తలో కలపకూడదు, కాల్చకూడదు, నీళ్ళకో నూనెకో వాడకూడదు. మందు పోసిన వెంటనే డబ్బాని మూడుసార్లు నీళ్ళతో కడిగి, ఆ కడిగిన నీళ్ళు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి, డబ్బాకి చిల్లు పొడిచేయాలి. రైతు సేవా కేంద్రం (ఇదివరకటి రైతు భరోసా కేంద్రం) దగ్గరో, మందుల కొట్టు దగ్గరో తాళం ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టించండి. దీని మీద మందుల డీలర్లతో మాట్లాడాల్సింది పెద్ద రైతులే, కుర్రాళ్ళు చెప్తే వినరు.

డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి మూడోరకంగా విడిగా ఇమ్మనండి. షెడ్డు దగ్గర లోతైన గుంటలో, నీళ్ళు పైకి ఊరని చోట పూడ్చాలి. రిక్షా తోలేవాళ్ళకి గ్లౌజులు ఇవ్వకుండా ఇవి ముట్టుకోమనడం తప్పు.

పెంట కుప్పలు

రోడ్డు పక్క పేడ దిబ్బలు తీయించమని మీరడిగారు. రైతుకి అది చెత్త కాదు, ఎరువు, వేసవిలో ట్రక్కు లెక్కన పొలానికి తోలతాడు. బలవంతంగా తీయిస్తే ఊళ్ళో శత్రువులవుతారు. పొలంలోకి తోలుకోవడానికి గడువివ్వండి, పొలం లేనివాళ్ళకి పంచాయతీ జాగాలో గుంట చూపించండి. ఉపాధి హామీలో కంపోస్టు గుంటలు తవ్వించారు, ఆ పని ఇప్పుడు మీ మండలంలో ఉందా అని ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడగండి. కొంత పేడ మీ కంపోస్టు తొట్లకే కావాలి, కాబట్టి ఇది మాట్లాడుకుని తేల్చుకోదగ్గ విషయమే.

మురుగు

సైడు కాల్వల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఊరి డబ్బు ఎక్కువ తగలేసేది ఇక్కడే. కొత్త సిమెంటు కాల్వ శాంక్షనైందంటే ఊరంతా సంతోషిస్తుంది. ఆ కాల్వ ఎక్కడ కలుస్తుందని ఎవరూ అడగరు. కాంట్రాక్టరు రోడ్డు చివరిదాకా కట్టి వదిలేస్తాడు, నీళ్ళు అక్కడ ఎవరి ఇంటి ముందో మడుగు కడతాయి. కాల్వ పనిని కింది నుంచి పైకి చేయాలి, ముందు నీళ్ళు చేరే గుంట, తర్వాత పెద్ద కాల్వ, చివర వీధి కాల్వలు. సర్వేలో లెవెల్స్ తీయించమని రాతపూర్వకంగా అడగండి. ఒకచోట వాటం తిరగబడి కట్టిన కాల్వని పగలగొట్టి మళ్ళీ కట్టాల్సి వచ్చింది, ఆ డబ్బుతో ఇంకో వీధి అయిపోయేది.

కాల్వలోకి వచ్చే నీళ్ళని ఇంటి దగ్గరే తగ్గించాలి. ఇంకుడు గుంత అందరూ చెప్పే మందు, కానీ మన నేలల్లో అన్నిచోట్లా పనిచేయదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, నీరు ఇంకదు. డెల్టాలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే కింద నుంచే ఊట వస్తుంది, గుంత ఎప్పుడూ నిండే ఉంటుంది. అందుకే ముందు ఒక గుంత తవ్వి, నీళ్ళు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి. గంటల తరబడి నిలబడితే వదిలేయండి. అలాంటి చోట పెరట్లో అరటి, కొబ్బరి, కరివేపాకు, తోటకూర మడి వైపు వాడకపు నీళ్ళు మళ్ళించడం మేలు. పెరడు లేని వీధులకి మురుగుని ఊరి బయట వరుసగా రెండు మూడు గుంటల్లోకి తీసుకెళ్ళి నిలవ చేసి తేటపడనివ్వాలి. మొదటి గుంటలో మడ్డి దిగుతుంది, తర్వాతి వాటి అంచుల్లో మెట్టతామర, జమ్ము పెంచితే నీరు ఇంకా శుభ్రపడుతుంది. ఆ నీళ్ళు పశుగ్రాసానికి వాడుకోవచ్చు. తాగునీటి కాలువలోకి మాత్రం పోనివ్వకూడదు.

పూడిక తీసిన మట్టిని కాల్వ పక్కనే కుప్ప పోసి వెళ్ళిపోతారు, వాన పడగానే అది మళ్ళీ కాల్వలోకే జారుతుంది. తీసిన రోజే, లేదా ఒక్కరోజు ఆరనిచ్చి మర్నాడే ఎత్తేయాలని పని ఇచ్చేటప్పుడే రాయించండి.

దోమల గురించి క్లుప్తంగా. మురుగులో పుట్టేది క్యూలెక్స్ అనే రకం, డెంగీ తెచ్చే దోమ శుభ్రమైన నిలవ నీళ్ళలో పుడుతుంది. కూలర్లు, టైర్లు, కొబ్బరి చిప్పలు, వాడని రోళ్ళు, ఫ్రిజ్ వెనక ట్రే చూడండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి శుక్రవారం డ్రై డే పాటించి, అన్నీ ఒంపి తుడిస్తే ఆ చక్రం తెగుతుంది. మురుగు గుంటల్లో ఆయిల్ బాల్స్ (వాడిన నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు మూటలు), నిలవ గుంటల్లో దోమ లార్వాని తినే గంబూసియా చేపలు వేయండి. ఫాగింగ్ ఎగిరే దోమలనే చంపుతుంది, లార్వాని ఏమీ చేయదు.

మరుగుదొడ్లు

మీరు దీని గురించి అడగలేదు గానీ చెప్పక తప్పదు. మన దగ్గర సిమెంటు వరలు ఇరవై దాకా దించి ఒకటే లోతైన గుంట తవ్వుతారు, జన్మలో నిండదని. డెల్టాలో అది నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది, పక్కింటి చేతిపంపు పాడవుతుంది. తక్కువ లోతున్న రెండు గుంటలు మేలు. ఒకటి నిండాక, గొట్టం రెండు గుంటలకీ చీలే జంక్షన్ దగ్గర రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని రెండేళ్ళు మూసి ఉంచితే వాసన లేని ఎరువైపోతుంది. బావికీ బోరుకీ కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. నల్లరేగడిలో గుంట చుట్టూ అడుగు మందాన ముతక ఇసుక నింపాలి.

సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని సైడు కాల్వలోకి వదిలినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, తరచు డబ్బున్నవాళ్ళే. ట్యాంకు తోడే బండివాడు ఎక్కడ ఒంపుతున్నాడో కూడా కనుక్కోండి. ఎట్టి పరిస్థితుల్లోనూ మనిషిని ట్యాంకులోకి దించొద్దు. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ సాధనాలు ఇవ్వకుండా అలా దించడం నేరం. ఇలాంటి పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. విషవాయువుకి మొదటివాడు పడిపోతే కాపాడబోయి రెండోవాడూ పోతాడు.

డబ్బుల్లేవు అన్నప్పుడు

కొంతవరకు నిజమే, పూర్తిగా మాత్రం కాదు. ఈ మూడు లెక్కలు అడగండి.

15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ, చెరి సగం, తప్ప వేరే దేనికీ వాడకూడదు. మీ పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనేది ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్లో ఎవరైనా చూడొచ్చు. గొడవకి దిగేముందు ఆ కాగితం చేతిలో పెట్టుకోండి, మాట తీరే మారిపోతుంది.

2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి తలకి 60 రూపాయల దాకా చెత్తకి, 280 దాకా వాడకపు నీటికి కేటాయింపు పెట్టారు. మీ 3,200 మందికి లెక్కేస్తే 1.92 లక్షలు, 8.96 లక్షలు. ఇందులో 30 శాతం ఆర్థిక సంఘం నిధుల నుంచి కలపాలన్నారు. మీ ఊరి పేరు మీద ఇప్పటికే మంజూరై ఉంటే దేనికి వాడారో అడగండి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏడాదికి పది వేల దాకా వస్తుంది, ఏఎన్ఎం, ఆశాలకి తెలుస్తుంది. క్లోరిన్ పరీక్ష మందుకి, గ్లౌజులకి అది చాలు.

ఇవన్నీ కట్టడానికి వచ్చే డబ్బులు. నడపడానికి మాత్రం ఊరే పెట్టుకోవాలి. పట్టణాల్లో చెత్త పన్ను మీద ఎంత రభస జరిగిందో మీకు తెలుసు, కాబట్టి ముందు రెండు నెలలు రిక్షా క్రమంగా నడిపి చూపించాకే ఇంటికి నెలకి ముప్పై రూపాయలు అడగండి. తొమ్మిది వందల ఇళ్ళలో మూడొంతుల్లో రెండొంతులిచ్చినా 18 వేలు. మాంసం కొట్లు, హోటళ్ళు, కల్యాణ మండపం దగ్గర ఎక్కువ తీసుకోవాలి, అక్కడి చెత్తే ఎక్కువ. వసూలు డ్వాక్రా సంఘానికి అప్పగించి, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనేది ప్రతి నెలా పంచాయతీ బోర్డు మీద రాయాలి.

ఆ డబ్బు ముందు పోవాల్సింది రిక్షా తోలేవాళ్ళ జీతానికి. నేను చూసిన మూతపడ్డ షెడ్లలో ఎక్కువ భాగం జీతం నెలల తరబడి ఆగడం వల్ల మూతపడినవే. మనిషి అప్పు చేసి ఎన్నాళ్ళు చెత్త ఎత్తుతాడు? నెల ఐదో తేదీకి జీతం పడాలి. గ్లౌజులు, బూట్లు, టెటనస్ సంగతి కూడా చూస్తూ ఏడాదికి ఒకసారి డాక్టర్ పరీక్ష, వారానికి ఒకరోజు సెలవు ఉండాలి. వాళ్ళని పేరుపెట్టి, మర్యాదగా పిలవమని మీ ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి.

గ్రామసభలో తీర్మానం రాసేటప్పుడు 'గ్రామంలో పారిశుద్ధ్యం మెరుగుపరచాలి' అని రాయిస్తే పని జరగదు. ఏ సర్వే నంబరులో చెత్త చోటు, ఏ వార్డు ముందు, ఎన్ని గంటలకి రిక్షా, జీతం ఏ పద్దు నుంచి, కాల్వ నీళ్ళు ఏ గుంటలోకి, ఇవి రాయించి నకలు తీసుకోండి.

మీరు వారం తూకం అయ్యాక తడి ఎంత, పొడి ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. వానాకాలం మీ ఊళ్ళో ఎన్నడుగుల్లో నీరు పడుతుందో, పెద్ద కాల్వ ప్రస్తుతం ఎక్కడ కలుస్తోందో కూడా చెప్పండి. తొట్లు ఎన్ని కావాలో, మురుగు గుంటలు ఎంత కొలతలో తవ్వాలో లెక్కేసి చెప్తాను.